షోలాపురపు చిన్న మగ్గముల శాలలు: వెలుపలి సాయమును ఎన్నుకొనుట

మహారాష్ట్రమున షోలాపురపు తూర్పు పేటలలో నడచిపోవువానికి మరమగ్గముల చప్పుడు నేటికిని వినబడుచునే యుండును. ఆ చప్పుడు వెనుక నున్న కుటుంబములలో పెక్కు తరములకు పూర్వము తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలీలవి. చేమగ్గముతో వచ్చినవారు కొందరు. 1870 దశాబ్దము మొదలు ఇచ్చట బట్టల మిల్లులు వెలయగా కూలికై వచ్చినవారు కొందరు. మిల్లులు మూతపడిన పిదప ఊరికి మిగిలినది మరమగ్గమే. షోలాపురపు జకార్డు దుప్పటియు, తువ్వాలయు భౌగోళిక సూచిక గుర్తింపును పొందినవి. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుని రథము వీధుల వెంట సాగునపుడు ఈ ఊరిలో తెలుగువారెందరో తెలియును. ఇవన్నియు మన పాఠకు లెరిగినవే. వలస చరిత్రను గూర్చి ఈ సంపుటమున ఇతరులు వ్రాయుదురు. నాలుగు మగ్గములో ఎనిమిది మగ్గములో పెట్టుకొని బ్రతుకుచున్న గృహస్థునకు పని చిక్కుపడినపుడు అతడెవరి యొద్దకు పోవలెను అను చిన్న ప్రశ్నను మాత్రమే నేనిచ్చట విచారింపదలచితిని.

పూర్వము ఈ ప్రశ్నయే లేకుండెను. నూలు అప్పుగా నిచ్చినవాడే బట్టను కొనెడివాడు. పెండ్లికి చేబదులిచ్చినవాడును అతడే. తగవు వచ్చినచో కులపెద్దలు కూర్చుండి తీర్చెడివారు. లెక్క యనగా సేటు పద్దులో నున్న లెక్కయే. సాయము, బంధనము రెండును ఒకే చేతిలో నుండెను. ఈ కట్టు సడలినది. నేటి మగ్గముల యజమానికి బ్యాంకు వేరు, పన్ను కార్యాలయము వేరు, నూలు వర్తకుడు వేరు, కొనుగోలుదారు మరియొక రాష్ట్రమున నుండును. ఒక్కొక్క ద్వారమున ఒక్కొక్క నిపుణుడు నిలిచియున్నాడు. ఏ ద్వారము తట్టవలెనో తెలియక, ఎదురుపడిన మొదటివానిని పట్టుకొని పోవుట మన చిన్న పరిశ్రమలు చెడుటకు ఒక కారణమని నా అభిప్రాయము.

ఒక కుటుంబమును ఊహించుకొందము. ఎనిమిది మగ్గములు, తువ్వాళ్ల నేత. తండ్రి, ఇద్దరు కుమారులు. చిన్నకోడలు కుట్టుపనియు కట్టలు కట్టుటయు చూచుచుండును. నెలకు 6 లక్షల రూపాయల సరకు అమ్ముడుపోవుచున్నది. ఐనను నెలాఖరున పనివారి కూలికి చేతిలో సొమ్ముండదు. తండ్రికి తోచిన మాట, "అప్పు కావలెను" అనునదియే. ఈ మాట బయట పొక్కగానే ముగ్గురు వత్తురు. ఒకడు, "బాపూ, బ్యాంకులో నాకు తెలిసినవారున్నారు, నూటికి రెండు రూపాయలిండు, అప్పు పుట్టింతును" అనును. రెండవవాడు యంత్రములమ్మువాడు, పాత మగ్గములు తీసివేసి కొత్తవి పెట్టనిదే గతి లేదనును. మూడవవాడు పన్ను కాగితములు వ్రాయువాడు. పన్ను తగ్గించినచో సొమ్ము మిగులుననును. ముగ్గురును అబద్ధమాడుటలేదు. ఎవని యొద్దనున్న మందు వానికి సకలరోగములకును సరిపోవునదిగా కనబడుచున్నది, అంతే.

రోగమేదో చూతము. ఈ కుటుంబము సరకునకు డబ్బు 90 దినములకు గాని చేతికి రాదనుకొనుడు. అనగా ఏ దినమున చూచినను 18 లక్షలు కొనుగోలుదారుల యొద్ద నిలిచియుండును. అదే 45 దినములలో వచ్చినచో నిలువ 9 లక్షలే. తండ్రి బ్యాంకునుండి తేదలచిన అప్పు తన సొమ్మే. ఇతరుల పెట్టెలో నున్నది. 9 లక్షలు నూటికి 12 వడ్డీకి తెచ్చినచో ఏటికి 1,08,000 రూపాయలు వడ్డీ. మధ్యవర్తికి 18,000 అదనము. ఇచ్చట కావలసినది అప్పు పుట్టించువాడు కాదు, బాకీ రాబట్టు పద్ధతి నేర్పువాడు.

ఇంతటితో ముగియలేదు. ధరను కూడ తరచి చూడవలెను. కిలో తువ్వాళ్ల లెక్కను ఉదాహరణకై ఇట్లు వేయుదును; అంకెలు కల్పితములు, పద్ధతి మాత్రము నిజము. నూలు కిలో 250 రూపాయలు. నూలులో నూటికి ఆరుపాళ్లు వ్యర్థమగుననుకొన్న యెడల కిలో తువ్వాళ్లకు 266 రూపాయల నూలు పట్టును. అద్దకము 40, నేతకూలి 35, కరెంటు 12, పడుగు సన్నాహము 8, కుట్టు, కట్ట 10. మొత్తము 371. అమ్మకము 380. తొమ్మిది రూపాయలు మిగిలినవని తండ్రి సంతోషించును. కాని 380 రూపాయలు మూడు నెలలు బయట నిలిచినచో నూటికి 12 వంతున వడ్డీ 11 రూపాయల 40 పైసలు. కిలో ఒక్కింటికి రెండు రూపాయల నలుబది పైసలు నష్టము! ఎంత ఎక్కువ నేసిన అంత ఎక్కువ నష్టము. మగ్గము అరుగుదల, స్వంత షెడ్డు బాడుగ, కొడుకుల కష్టము, కోడలి కష్టము ఇందులో చేరనే లేదు. మన ఇండ్లలో ఆడవారి పనిని ఖర్చుగా వ్రాయు ఆచారము లేదు; అందుచేత అనేక శాలలు లాభములో నున్నట్లు కనబడుచు, ఇంటివారి ఉచితపు చాకిరిపై నిలిచియున్నవి. ఇట్టివాని కొత్త యంత్రములు అమ్మినచో ఏమగును? నష్టమును మరింత వేగముగా నేయును.

కావున సాయము కోరుటకు ముందు రోగము ఐదు తావులలో ఏ తావున నున్నదో విచారింపవలెను: వసూలు, ధర, నాణ్యము, రూపకల్పన, చట్టము. ఒక్కొక్క దానికి వేర్వేరు నిపుణులు కలరు. వారి భేదము మనవారిలో విద్యావంతులకు సైతము స్పష్టముగా తెలియదు. లెక్కలు చూచు ప్రతివానిని "ఆడిటరు గారు" అనుట మన వాడుక.

చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949 నాటి చట్టమువలన ఏర్పడినది. వారి ముఖ్యమైన పని జరిగిపోయిన సంవత్సరపు లెక్కలను పరీక్షించి సరియని సంతకము చేయుట, పన్ను విషయమున సలహా నిచ్చుట. కాస్ట్ అకౌంటెంట్లకు వేరుగ 1959లో చట్టము వచ్చినది. కిలో తువ్వాళ్లకు నిజమైన ఖర్చెంత, ఏ రకమును నేయుట మానవలెను అను ప్రశ్నలు వీరి విద్యకు సంబంధించినవి. మొదటివారు గడచిన మార్గమును చూపుదురు, రెండవవారు ముందరి గుంటను చూపుదురు అని స్థూలముగా చెప్పవచ్చును. ఒకరి పనిని మరియొకరు చేయలేరని కాదు. ఇద్దరును కాక, 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోనికి వచ్చిన పిదప, దాని పత్రములను దాఖలు చేయుటకై నమోదైన ప్రాక్టీషనర్లు కలరు. నెలనెల పత్రములు దాఖలు చేయుటకు వీరు చాలును, ఖర్చును తక్కువ. కాని వీరిని ధర నిర్ణయమును గూర్చి అడుగుట, మందుల కొట్టువానిని శస్త్రచికిత్స చేయుమనుట వంటిది. మన తువ్వాళ్ల కుటుంబము మొదట కాస్ట్ అకౌంటెంటును ఒక నెల దినములకు మాత్రము నియమించుకొని, రకమువారీగా ఖర్చు పట్టిక వ్రాయించుకొన్నచో ఆ పట్టిక ఏండ్ల తరబడి పనికివచ్చును.

నాణ్యము చెడినచో లెక్కలవాడు ఏమి చేయగలడు? రంగు దిగుచున్నదని సరకు తిరిగివచ్చిన యెడల పోవలసినది ప్రయోగశాలకు. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలోనే మన దేశమున బట్టల పరిశోధన సంఘములు వెలసినవి: అహమ్మదాబాదున 1947లో, బొంబాయిలో 1954లో, కోయంబత్తూరున 1956లో. నూలు బలము, రంగు గట్టిదనము, బట్ట బరువు మొదలైనవానిని ఇవి పరీక్షించి లిఖితపూర్వకముగ ఫలితము నిచ్చును. మగ్గముల పట్టణములలో సేవాకేంద్రములు నడపి పనివారికి శిక్షణ యిచ్చుటయు ఇట్టి సంఘముల పనియే. పరీక్షకగు రుసుము తిరిగివచ్చిన సరకు నష్టముతో పోల్చిన అత్యల్పము. ఐనను మనవారు ప్రయోగశాలకు పోరు. అది పెద్ద మిల్లులవారికని భ్రమ. కోయంబత్తూరు ప్రాంతపు తెలుగువారి చరిత్ర ఈ విషయమున మనకు పాఠము. పి.ఎస్.జి. కుటుంబమువారు 1926లో తమ ఆస్తిలో కొంత భాగమును ధర్మసంస్థగ నేర్పరచగా దాని యందుండి విద్యాలయములు, పారిశ్రామిక శిక్షణ పెరిగినవి. పరిశ్రమ ప్రక్కన పాఠశాలయు పరీక్షాశాలయు నుండుటచేత అచ్చటి చిన్నవారికి సాయము నడకదూరములో దొరకినది.

చేమగ్గము మీద బ్రతుకువారికి రూపకల్పన ముఖ్యము. వారికై 1956 మొదలు వీవర్స్ సర్వీస్ సెంటరులు ఏర్పడినవి. చిత్రకారులను నేతగాండ్ర ప్రక్కన కూర్చుండబెట్టిన ప్రయోగమది, కె.జి. సుబ్రహ్మణ్యన్ వంటి ప్రసిద్ధ చిత్రకారుడు బొంబాయి కేంద్రమున పనిచేసెను. ఒడిశాలో బరంపురపు పట్టు నేయు మన దేరవారికిని, కర్ణాటకమున దేవాంగులకును ఇట్టి సాయమే తగినది. వారికి పన్ను సలహాదారు కంటె కొత్త అంచు గీసి యిచ్చువాడు మేలు చేయును.

ప్రభుత్వమువారి సలహా కార్యాలయములను గూర్చి ఒక మాట. 1953-54లో ఫోర్డు ఫౌండేషను పంపిన నిపుణుల బృందము మన చిన్న పరిశ్రమలను పరిశీలించి నివేదిక యిచ్చెను. దాని ఫలితముగా చిన్న పరిశ్రమల సేవాసంస్థలు, 1955లో జాతీయ లఘు పరిశ్రమల కార్పొరేషను ఏర్పడినవి. పేర్లు పలుమారులు మారినను ఆ కార్యాలయముల పరంపర కొనసాగుచున్నది. అచ్చట పథకముల వివరము ఉచితముగా లభించును. అలసట కలిగించునంత కాగితము కూడ లభించును, దాచనేల? ఐనను డబ్బిచ్చి మధ్యవర్తి చేత తెలిసికొనుటకు ముందు ఒక పూట అచ్చటికి పోవుట మేలు.

ఇక చట్టము. మన కుటుంబమునకు బాకీ రాకపోవుటయే ప్రధాన రోగము గనుక దీనిని కొంత విస్తరించి చెప్పెదను. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టమున నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమల ఉత్పత్తిదారులకు గొప్ప రక్షణ గలదు. కొనుగోలుదారుతో వ్రాతపూర్వకమైన ఒప్పందమున్నను గడువు 45 దినములకు మించరాదు. ఒప్పందము లేనిచో 15 దినములే. గడువు దాటినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలకు చక్రవడ్డీగా చెల్లవలెను. చెల్లింపనిచో రాష్ట్రమున నున్న ఫెసిలిటేషన్ కౌన్సిలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. విశేషమేమన, అమ్మినవాడు ఏ కౌన్సిలు పరిధిలో నున్నాడో ఆ కౌన్సిలే విచారించును. కొన్నవాడు భారతదేశమున ఎచ్చటనున్నను సరియే. షోలాపురపు నేతగాడు బాకీకై ఢిల్లీ చుట్టు తిరుగనక్కరలేదు. కౌన్సిలు తీర్పును కోర్టులో త్రోసిపుచ్చగోరు కొనుగోలుదారు తీర్పు మొత్తములో నూటికి 75 వంతులు ముందుగా కట్టవలెను. ఈ హక్కులకు మూలమైన ఉద్యమ్ నమోదు 2020 జూలై 1 నుండి అమలులో నున్నది. నమోదునకు ప్రభుత్వ రుసుము లేనే లేదు. సరకు అమ్ముటకు ముందే నమోదు చేసికొనుట క్షేమము. తగవు వచ్చిన పిదప చేసికొన్నచో వాదమునకు తావిచ్చినట్లగును. ఉచితమైన ఈ నమోదునకు వేల రూపాయలు పుచ్చుకొన్న మధ్యవర్తులను నేనెరుగుదును. పుచ్చుకొన్నవారి కంటె, ఇచ్చి సంతోషించిన మన వారిని చూచి నాకు మిక్కిలి బాధ కలిగినది.

ఐతే ఈ చట్టమును చదివి వెంటనే వకీలు ఇంటికి పోవలెనని నా భావము కాదు. పది సంవత్సరముల కొనుగోలుదారుపై అర్జీ పెట్టిన నాడు ఆ బేరము ముగిసినట్లే. ముందుగా బిల్లుపై ఉద్యమ్ సంఖ్యను, 45 దినముల గడువును అచ్చువేయింపవలెను. పిదప బాకీదారుకు మర్యాదగా వ్రాయవలెను. అతనికిని భయకారణమొకటి కలదు: 2023 నాటి ఆర్థిక చట్టము ఆదాయపు పన్ను చట్టమున చేర్చిన నియమము ప్రకారము, సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువులోపల చెల్లింపని మొత్తమును కొనుగోలుదారు, చెల్లించిన సంవత్సరమున గాని ఖర్చుగా చూపరాదు. ఈ సంగతిని అతని లెక్కలవాడే అతనికి చెప్పును. ఇట్లు వ్రాయుటకు వకీలు అక్కరలేదు. రెండు జాబులకు బదులు రానపుడు, బాకీ మొత్తము పోరాటపు ఖర్చునకు తగినదైనపుడు వకీలు కావలెను.

ఇపుడు సున్నితమైన విషయమునకు వచ్చితిని. మన తెలుగువారు పరాయి రాష్ట్రమున నున్నందున "మనవాడు" అను మాటకు మన మనస్సులో గొప్ప బలమున్నది. మరాఠీ కాగితము చదివి చెప్పువాడు, ఇంగ్లీషులో బదులు వ్రాయువాడు, తెలుగున మాటలాడువాడు దొరకినచో మనకు ప్రాణము లేచివచ్చును. ఇది సహజము, తప్పు కాదు. కాని మనవాడైనంత మాత్రమున నిపుణుడు కాడు. మనవాడైనందున రుసుము అడుగుటకు అతడును, వ్రాత అడుగుటకు మనమును సిగ్గుపడుదుము. ఈ సిగ్గు మధ్య పని ఆగిపోవును. చెడినపుడు చుట్టరికము కూడ చెడును. ఒక బంధువు చేతికి పన్ను కాగితములన్నియు అప్పగించి, మూడేండ్ల పాటు ఒక్క రసీదైనను చూడని గృహస్థుడు నాకు దగ్గరివాడే. ఆ బంధువు మోసగాడు కాడు, పనిభారమున కొన్ని నెలల పత్రములను మరచెను. జి.ఎస్.టి. నమోదు రద్దయినది, కొనుగోలుదారులకు పన్ను వాపసు రాలేదు, వారు వేరొకరి యొద్దకు పోయిరి. నేటికిని ఆ రెండు ఇండ్ల వారు ఒకరి శుభకార్యమునకు మరియొకరు పోరు. వ్రాతపూర్వకమైన నాలుగు పంక్తులు మొదటనే యుండినచో ఇంత జరుగకపోవును.

ఆ నాలుగు పంక్తులేవనగా: ఏ పని, ఎప్పటికి, ఎంత రుసుము, పని ఎవరి చేత జరుగును. కడపటిది ముఖ్యము. గౌరవనీయుడైన పెద్దను చూచి మనము నియమింతుము, పనిని మాత్రము అతని కార్యాలయమున నిన్న చేరిన కుర్రవాడు చేయును. అది తప్పని కాదు, ముందుగా తెలిసియుండవలెను. బంధువైనచో ఈ వ్రాతను అతని మేలుకే అని చెప్పి చేయించుకొనవచ్చును.

రుసుము ఎవరి నుండి వచ్చునో కనుగొనుట అంతకంటె ముఖ్యము. మన చేత రుసుము పుచ్చుకొనువాడు మన మాట వినును. యంత్రముల కంపెనీ చేతనో అప్పిచ్చు సంస్థ చేతనో కమీషను పుచ్చుకొనువాడు వారి మాట వినును. "ఉచితముగా సలహా నిత్తును" అనువానిని, "అయ్యా, మీకు జీతమెవరిత్తురు?" అని అడుగుట అమర్యాద కాదు. బట్ట దలాలీల విషయమున మాత్రము నాకు భిన్నాభిప్రాయము గలదు. వారిని నిందించుట మనలో వాడుకయైనను, ఎవడు సొమ్మిచ్చునో ఎవడు ఎగవేయునో ఎరిగిన మంచి దలాలి తన దస్తూరిని సంపాదించుకొనుచునే యున్నాడు. అప్పు దలాలి సంగతి వేరు. 2015లో ఆరంభమైన ముద్రా ఋణములకు మధ్యవర్తులు ఎవరును లేరని ఆ సంస్థవారే ప్రకటించియున్నారు. అట్టిచోట మధ్యవర్తికిచ్చు సొమ్ము ఏ పనికి?

నిపుణుని అర్హతను విచారించుట ఇపుడు సులభము. చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చు ధ్రువపత్రములపై 2019 నుండి ఒక ప్రత్యేక సంఖ్య యుండవలెను. ఆ సంఖ్యను వారి సంస్థ జాలస్థలమున వేసి చూచిన పత్రము నిజమైనదో కాదో తెలియును. బ్యాంకుకిచ్చిన పత్రము దొంగదని తేలినచో శిక్ష వ్రాసినవానికే కాదు, సమర్పించినవానికిని తగులును. ఇంటి చరవాణికి వచ్చు రహస్య సంఖ్యలను, పాస్‌వర్డులను మాత్రము ఎంతటి నమ్మకస్థునికైనను వదలిపెట్టరాదు. పత్రము దాఖలు చేయువేళ కుమారుడో కోడలో ప్రక్కన కూర్చుండి సంఖ్య చెప్పుట కొంత శ్రమయే. ఆ శ్రమవలన మరియొక లాభము కలుగును: నాలుగు నెలలలో ఆ పని ఇంటివారికే పట్టుబడును.

మన ఊహాకుటుంబమున చిన్నకోడలు తువ్వాళ్ల కట్టలను లెక్కించి వ్రాసికొను పుస్తకమొకటి యుండును. దానిలో ఏ రకము ఎన్ని కిలోలు, ఏ తేదీన ఎవరికి పోయినదో స్పష్టముగా నుండును. సొమ్ము వచ్చిన తేదీకై ప్రక్కన ఒక గడి గీసినచో చాలును, కాస్ట్ అకౌంటెంటైనను వకీలైనను వచ్చినపుడు మొదట అడుగునది ఆ పుస్తకమునే.